హక్కుల కమిషన్‌కు డబ్బు ఎటు నుంచి రావాలి? ఏ దారి అడగాలో తేల్చుకోలేని వాళ్ల కోసం

"హెచ్‌ఆర్‌సీకి (మానవ హక్కుల కమిషన్‌కు) తగినన్ని నిధులు కేటాయించాలి" అని వినతిపత్రంలో ఒక లైను రాయడం తేలికే. మేం కూడా చాలాసార్లు రాశాం. ఇచ్చిన ప్రతిసారీ అవతలివాళ్లు కాగితం తీసుకుని, ఫొటో దిగి, తప్పకుండా చూస్తామన్నారు. ఒక్కసారి మాత్రం ఒక ఎమ్మెల్యే గారు మొత్తం చదివి తిరిగి అడిగారు: "సరేనండీ, ఎలా ఇవ్వమంటారు? ఇప్పుడున్న గ్రాంటే పెంచమంటారా, విడిగా పద్దు పెట్టమంటారా, చట్టమే మార్చమంటారా?" ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత కూర్చుని వెతికితే, ప్రపంచంలో ఒక్కో దేశం ఒక్కో దారి పట్టిందని, ఏ దారిలో ఎక్కడ గొయ్యి ఉందో అనుభవం మీద తేలిపోయిందని అర్థమైంది. హక్కుల సంఘాల వాళ్లకి, లాయర్లకి, కమిషన్ లోపల పనిచేసేవాళ్లకి, అసెంబ్లీలో ఈ మాట ఎత్తాలనుకునే వాళ్లకి పనికొస్తుందని ఇదంతా ఒకచోట పెడుతున్నాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఒక రాష్ట్ర కమిషన్ ఆఫీసులో నా పక్క బెంచీ మీద ఒక తల్లి కూర్చుంది. చేతిలో బట్టల షాపు ప్లాస్టిక్ కవరు, అందులో ఎఫ్‌ఐఆర్ జిరాక్సు, కొడుకు ఆధార్, పంచనామా కాపీ. కొడుకుని స్టేషన్‌కి తీసుకెళ్లారు, రెండో రోజు చనిపోయాడన్నారు. ఆమె కవర్లో అన్నిటికంటే పైన ఉన్న కాగితం, ఆ ఘటన మీద నివేదిక పంపమని కమిషన్ జిల్లా ఎస్పీకి రాసిన లేఖ కాపీ. నాకు చూపించి, "నేను ఎవరి మీద చెప్పుకున్నానో వాళ్లనే అడుగుతున్నారా బాబూ?" అంది. లోపల సెక్షన్లో తెలిసినాయన్ని అడిగితే ఆయన దాచకుండా చెప్పాడు. సొంతంగా మనిషిని పంపాలంటే బండి కావాలి, డీజిల్ కావాలి, టీఏ బిల్లు పాసవ్వాలి, పోయినసారి వెళ్లొచ్చినాయన బిల్లే ఇంకా ట్రెజరీలో ఉంది అన్నాడు. నిధుల లేమి అంటే ఆ తల్లికి అర్థమయ్యే భాషలో ఇదే: ఆమె ఎవరి మీద ఫిర్యాదు చేసిందో వాళ్లు రాసిచ్చిన కాగితమే ఆమె కేసులో మొదటి సాక్ష్యం.

## దేన్ని బట్టి పోల్చాలి

పారిస్ సూత్రాలని ఉన్నాయి. 1991లో పారిస్‌లో జరిగిన సమావేశంలో తయారై, 1993 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించినవి. డబ్బు గురించి అవి చెప్పేది చిన్నదే: కమిషన్‌కు సొంత సిబ్బంది, సొంత చోటు ఉండేంత నిధులు ఉండాలి, దాని స్వతంత్రతకు అడ్డుపడేలాంటి ఆర్థిక పెత్తనం ప్రభుత్వానికి ఉండకూడదు. జాతీయ మానవ హక్కుల సంస్థల ప్రపంచ కూటమి, అంటే ఏ దేశపు కమిషన్‌కు 'ఏ' హోదా (ఈ సూత్రాలకు పూర్తిగా సరిపోతుందన్న గుర్తింపు) ఇవ్వాలో తేల్చే సంస్థ, దీన్నే ఇంకొంచెం విడమరిచి చెబుతుంది. మామూలు జనం, వికలాంగులు కూడా రాగలిగే ఆఫీసు, మిగతా ప్రభుత్వ ఉద్యోగులతో సమానంగా జీతాలు, విడిగా ఒక బడ్జెట్ పద్దు, ఏడాదికేడాది పని మెరుగయ్యేలా పెరిగే కేటాయింపు. కొత్త బాధ్యత అప్పగిస్తే దానికి సరిపడా అదనపు డబ్బు కూడా ఇవ్వాలి.

వీటన్నిటినీ నేను ఐదు ప్రశ్నలుగా చేసుకున్నాను. ఎవరు ఏ పథకం చెప్పినా ఈ ఐదూ అడిగి చూడండి.

- ఎంత ఇవ్వాలన్నది ఎవరు తేలుస్తారు?
- తేల్చినది చేతికి వచ్చేదాకా మధ్యలో ఎవరైనా ఆపగలరా?
- వచ్చిన డబ్బుని, పోస్టులని కమిషన్ తన ఇష్టప్రకారం వాడుకోగలదా?
- వచ్చే ఏడాది ఎంత వస్తుందో ఇప్పుడే తెలుస్తుందా?
- లెక్క ఎవరికి చెప్పాలి?

చివరి ప్రశ్న గురించి మన దేశంలో పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. మానవ హక్కుల పరిరక్షణ చట్టం, 1993 ప్రకారం కమిషన్ లెక్కలను కాగ్ (ప్రభుత్వ లెక్కలు చూసే జాతీయ ఆడిట్ సంస్థ) తనిఖీ చేస్తుంది, ఏ దారిలో డబ్బు వచ్చినా అది మారదు. "స్వేచ్ఛ ఇస్తే లెక్క చెప్పరేమో" అని ఎవరైనా అంటే ఈ మాట గుర్తుచేయండి. అసలు ముఖ్యమైనవి మొదటి రెండూ. నా అనుభవంలో అందరూ మొదటిదాని గురించే మాట్లాడతారు, కమిషన్ల ఊపిరి ఆగేది మాత్రం రెండోదాని దగ్గర.

## ఒక్క చూపులో

| దారి | ఎంత అన్నది తేల్చేది | మధ్యలో ఆపడం | వచ్చే ఏడాది భరోసా | ఎక్కడ ఉంది |
|---|---|---|---|---|
| శాఖ ద్వారా గ్రాంటు | ప్రభుత్వం | తేలిక | తక్కువ | భారత్, బ్రిటన్ సమానత్వ కమిషన్ |
| సంఘటిత నిధి మీద ఛార్జ్ | ఎక్కువగా ఆర్థిక శాఖే | కొంచెం కష్టం | మధ్యస్థం | ఘానా. మన దగ్గర లోక్‌పాల్, కేంద్ర విజిలెన్స్ కమిషన్ |
| చట్టసభ నుంచి విడి పద్దు | చట్టసభ | కష్టం | సభలో మెజారిటీని బట్టి | కెన్యా, స్కాట్లాండ్ |
| తగ్గించకూడదన్న చట్టపు హద్దు | పోయినేటి అంకె | కష్టం | ఎక్కువ | జార్జియా, ఆర్మీనియా |
| దాతల డబ్బు | దాత | చాలా తేలిక | దాదాపు లేదు | ఒకప్పటి అఫ్గానిస్తాన్ |

పట్టికలో పెట్టగలిగింది ఇంతే, అసలు కథ కింద ఉంది.

## శాఖ ద్వారా గ్రాంటు: ఇప్పుడు మనం ఉన్న చోటు

చట్టంలో 32వ సెక్షన్ జాతీయ కమిషన్ గురించి, 33వ సెక్షన్ రాష్ట్ర కమిషన్ల గురించి. రెండిట్లోనూ మాట ఒకటే. చట్టసభ ఆమోదించిన తర్వాత, ప్రభుత్వం తాను తగినదని అనుకున్నంత సొమ్ము గ్రాంటుగా ఇస్తుంది. ఆ "తగినదని అనుకున్నంత" అన్న మాట దగ్గర ఆగండి. ఎవరు అనుకోవాలి? ప్రభుత్వం. ఎవరి మీద ఎక్కువ ఫిర్యాదులు వస్తాయి? అదే ప్రభుత్వపు పోలీసులు, జైళ్లు, ఆసుపత్రులు, హాస్టళ్ల మీద. జాతీయ కమిషన్‌కు గ్రాంటు వచ్చేది కేంద్ర హోం శాఖ ద్వారా, కేంద్ర పోలీసు బలగాలు ఉన్నది ఆ శాఖ కిందే.

ఇందులో మంచి లేదా అంటే ఉంది. అదే సెక్షన్లో, వచ్చిన సొమ్ముని తన పనులకు ఎలా ఖర్చు పెట్టాలో కమిషనే తేల్చుకోవచ్చని కూడా ఉంది. కాగితం మీద మూడో ప్రశ్నకు జవాబు బాగుంది. కానీ రాష్ట్రాల్లో జరిగేది వేరు. బడ్జెట్ పుస్తకంలో అంకె ఉంటుంది, బీఆర్ఓ (బడ్జెట్ విడుదల ఉత్తర్వు) రావాలి. అది వచ్చాక బిల్లు ట్రెజరీకి వెళ్లాలి, టోకెన్ పడాలి, ఆ తర్వాత ఖజానాలో డబ్బు ఉన్న రోజున వరుసలో మన వంతు రావాలి. మూడో త్రైమాసికంలో వచ్చిన డబ్బుని మార్చి 31లోపు ఖర్చు పెట్టలేకపోతే మురిగిపోతుంది, ఆపై ఏడాది "పోయినసారి ఇచ్చిందే వాడుకోలేదు కదా" అని కోత పెడతారు. ఇది చాలా ప్రభుత్వ ఆఫీసుల కథే, కానీ రోడ్లు వేసే శాఖకు బిల్లు ఆలస్యమైతే రోడ్డు ఆలస్యమవుతుంది, కమిషన్‌కు ఆలస్యమైతే ఘటనాస్థలంలో సాక్ష్యం మాయమైపోతుంది.

పోస్టుల మాటా ఇంతే. చట్టం ప్రకారం జాతీయ కమిషన్‌కు సెక్రటరీ జనరల్‌ని, దర్యాప్తు సిబ్బందిని కేంద్రమే సమకూర్చాలి, రాష్ట్రంలో ఆ పని రాష్ట్ర ప్రభుత్వానిది. దర్యాప్తు విభాగం పోలీసు అధికారుల కిందే ఉంటుంది. ప్రపంచ కూటమి 2023లో, మళ్లీ 2024లో మన జాతీయ కమిషన్ హోదా నిర్ణయాన్ని వాయిదా వేసిందంటే, అందులో పోలీసు అధికారులని డిప్యుటేషన్ మీద తెచ్చి దర్యాప్తు చేయించడం ఒక ముఖ్యమైన అభ్యంతరం. సొంతంగా మనుషుల్ని తీసుకునే డబ్బూ అధికారమూ ఉంటే ఈ అభ్యంతరమే వచ్చేది కాదు.

1993 అక్టోబర్‌లో జాతీయ కమిషన్ మొదలైనప్పుడు ఆ మార్చిదాకా వచ్చిన ఫిర్యాదులు 496. తర్వాత అవి ఏడాదికి లక్ష దాటాయి. ఫిర్యాదులు అన్ని రెట్లు పెరిగితే సిబ్బంది తగ్గారని కమిషనే సుప్రీంకోర్టుకు చెప్పుకుంది. మణిపూర్ ఎన్‌కౌంటర్ల కేసులో 2017లో కోర్టు ఆ బాధను రికార్డు చేసి, కేంద్రం పట్టించుకోవాలంది.

ఇదే పద్ధతి బ్రిటన్‌లో ఎలా నడిచిందో చూస్తే భయం వేస్తుంది. అక్కడి సమానత్వ, మానవ హక్కుల కమిషన్ 2007లో పని మొదలుపెట్టినప్పుడు ఏటా సుమారు 7 కోట్ల పౌండ్లు. పదిహేనేళ్లు తిరిగేసరికి 1.7 కోట్ల పౌండ్ల దగ్గరికి వచ్చింది. కమిషన్‌ని ఎవరూ రద్దు చేయలేదు. ఒక్కో బడ్జెట్‌లో కొంచెం కొంచెం కోసుకుంటూ పోయారు, అంతే.

మలేసియా కథ చట్టం రాసేవాళ్లు తప్పకుండా చదవాలి. అక్కడి హక్కుల కమిషన్ సుహకామ్ చట్టంలో ప్రభుత్వం ఏటా "తగినన్ని నిధులు" ఇవ్వాలని స్పష్టంగా రాసి ఉంది. అయినా 2016 బడ్జెట్‌లో దాని కేటాయింపు సగానికి పడిపోయింది. "తగినన్ని" అన్న మాట ఒక్కటే చట్టంలోకి ఎక్కించి ఇంటికి వచ్చేస్తే ఏమీ రాదని దీంతో తేలిపోయింది.

## సంఘటిత నిధి మీద ఛార్జ్: అందరూ మొదట అడిగేది

సంఘటిత నిధి అంటే ప్రభుత్వ ఖజానా అసలు పెట్టె. అందులోంచి తీసే ఖర్చు రెండు రకాలు. సభ ఓటు వేస్తే తీసేవి కొన్ని, ఓటు లేకుండానే తీసేవి కొన్ని. రెండో రకాన్ని బడ్జెట్ పుస్తకాల్లో 'ఛార్జ్‌డ్' అని చూపిస్తారు. సుప్రీంకోర్టు, కాగ్, యూపీఎస్‌సీ ఖర్చులు ఇలాంటివే, హైకోర్టు ఖర్చు రాష్ట్ర సంఘటిత నిధి మీద ఉంటుంది. వీటి మీద సభలో చర్చించొచ్చు కానీ ఓటుతో తగ్గించలేరు.

ఇవన్నీ రాజ్యాంగంలో రాసినవి కదా, కమిషన్‌కు ఎలా కుదురుతుంది అని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగనక్కర్లేదు. 112వ అధికరణం ప్రకారం పార్లమెంటు మామూలు చట్టంతోనే ఏ ఖర్చునైనా ఛార్జ్‌డ్‌గా ప్రకటించొచ్చు. 2013 లోక్‌పాల్ చట్టంలో అదే చేశారు, కేంద్ర విజిలెన్స్ కమిషన్ చట్టంలోనూ చేశారు. అవినీతిని చూసే సంస్థకు ఇచ్చిన రక్షణ, లాకప్ చావుని చూసే సంస్థకు ఎందుకు లేదు? వినతిపత్రంలో ఈ ఒక్క పోలిక పెట్టండి, ఎదుటివాళ్లకు జవాబు చెప్పడం కష్టమవుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాలకు ఇంకా దగ్గరి మాట ఒకటుంది. 202వ అధికరణం ఇదే అధికారాన్ని రాష్ట్ర శాసనసభకు కూడా ఇచ్చింది. ఢిల్లీ చట్టం మార్చేదాకా ఎదురుచూడకుండా హైదరాబాద్‌లోనో అమరావతిలోనో ఈ ప్రయత్నం చేయొచ్చు. కేంద్ర చట్టంలోని 33వ సెక్షన్‌తో ఎక్కడా తగాదా రాకుండా బిల్లు రాయడానికి మంచి లాయరు మాత్రం కావాలి.

ఇప్పుడు దీని లోటు. ఛార్జ్ అన్నది ఓటు నుంచి కాపాడుతుంది. కానీ నిజం చెప్పాలంటే, మన అసెంబ్లీల్లో హెచ్‌ఆర్‌సీ పద్దుని సభ్యులు ఓటేసి తగ్గించడం అనే ప్రమాదం అసలు ఎక్కడుంది? చాలా పద్దులు చర్చ కూడా లేకుండా చివరి రోజు గంపగుత్తగా పాసైపోతాయి. కోత పడేది సభలో కాదు, అంతకు రెండు నెలల ముందు ఆర్థిక శాఖలో అంకె రాసే టేబుల్ దగ్గర. ఆ టేబుల్‌ని ఛార్జ్ ముట్టుకోదు. ఘానాలో 1992 రాజ్యాంగమే అక్కడి హక్కుల కమిషన్ పరిపాలనా ఖర్చుని సంఘటిత నిధి మీద ఛార్జ్ చేసింది, అయినా ఆ కమిషన్ డబ్బు చాలడం లేదని ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది, ఎందుకంటే పరిమితి పెట్టేది, విడుదల చేసేది ఆర్థిక శాఖే.

అందుకే నా సలహా, ఛార్జ్ అడగండి కానీ ఒంటరిగా అడగకండి.

## చట్టసభ నుంచి విడి పద్దు

కెన్యా 2010 రాజ్యాంగంలో ఒక మంచి ఏర్పాటు ఉంది. ప్రతి స్వతంత్ర కమిషన్‌కు పార్లమెంటు తగినన్ని నిధులు కేటాయించాలి, ఒక్కో కమిషన్ బడ్జెట్ విడి పద్దుగా ఉండాలి. అంటే ఏదో శాఖ పద్దు లోపల ఒక చిన్న లైనుగా దాక్కోదు. ఎంత అడిగారు, ఎంత ఇచ్చారు అన్నది అందరికీ కనిపిస్తుంది.

దీని వెనకున్న ఆలోచనని నాకు తెలిసినంతలో అందరికంటే బాగా చెప్పింది దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం. 1999లో వచ్చిన కేసు అసలు ఎన్నికల కమిషన్ గురించి, కానీ రాజ్యాంగంలో ఎన్నికల కమిషన్, హక్కుల కమిషన్ ఒకే అధ్యాయంలో ఉన్నాయి కాబట్టి ఆ మాటలు రెంటికీ వర్తిస్తాయి. ఆ సంస్థకు పని చేయడానికి సబబుగా ఎంత కావాలో అంత అందుబాటులో ఉండాలి, దాన్ని తేల్చాల్సింది ప్రభుత్వం కాదు పార్లమెంటు, తన అవసరాలేంటో సంస్థే పార్లమెంటు ముందుకు వచ్చి చెప్పుకునే అవకాశం ఉండాలి అని తీర్పు. మూడో ముక్క నాకు చాలా విలువైనదనిపిస్తుంది. మన దగ్గర కమిషన్ తరఫున డబ్బు అడిగేది శాఖ అధికారి. ఆయన ఆ ఫైలుతో పాటు ఇంకో పాతిక ఫైళ్లు పట్టుకుని ఉంటాడు, ఆర్థిక శాఖ కార్యదర్శి "ఇందులో ఏది తగ్గిద్దాం" అంటే ముందుగా ఏది వదులుకుంటాడో వేరే చెప్పాలా. అదే కమిషన్ ఛైర్మన్ శాసనసభ కమిటీ ముందు కూర్చుని, పోయినేడు ఇన్ని కస్టడీ మరణాలు వచ్చాయి, ఇన్నిటికే మనిషిని పంపగలిగాం, మిగతావాటికి ఎస్పీ నివేదికే గతి అయింది అని చెబితే ఆ మాట బరువు వేరు.

తీర్పు వచ్చినంత మాత్రాన అంతా సర్దుకోలేదన్నది కూడా చెప్పాలి. దక్షిణాఫ్రికా హక్కుల కమిషన్ డబ్బు ఇప్పటికీ న్యాయ శాఖ పద్దు గుండానే వస్తుంది. దీన్ని పార్లమెంటు పద్దులోకి మార్చమని 2007లో అక్కడి పార్లమెంటు కమిటీయే సిఫారసు చేసింది.

పక్కపక్కన పెట్టి చూడ్డానికి బ్రిటన్ అంత మంచి ఉదాహరణ ఇంకోటి లేదు, ఒకే దేశంలో మూడు హక్కుల సంస్థలున్నాయి. సమానత్వ కమిషన్‌కు ప్రభుత్వ శాఖ నుంచి డబ్బు వస్తుంది, ఆ కథ పైన చెప్పాను. ఉత్తర ఐర్లాండ్ కమిషన్‌కూ ప్రభుత్వ కార్యాలయం నుంచే వస్తుంది, నిధులు తగ్గిపోయి చివరికి దాని 'ఏ' హోదా మీద ప్రత్యేక సమీక్ష దాకా వెళ్లింది. స్కాట్లాండ్ కమిషన్‌కు మాత్రం స్కాటిష్ పార్లమెంటు నిర్వహణ సంఘం నుంచి వస్తుంది, ప్రభుత్వ శాఖ మధ్యలో లేదు. స్కాట్లాండ్‌ది చిన్న కమిషన్, అక్కడ డబ్బు పొంగిపొర్లుతోందని కాదు. కానీ తను ఎవరిని విమర్శించాలో వాళ్ల దగ్గర చేయి చాపాల్సిన పని దానికి లేదు.

ఇక దీని గొయ్యి పోలండ్‌లో బయటపడింది. 2015 ఎన్నికల తర్వాత వచ్చిన మెజారిటీకి అక్కడి హక్కుల ప్రతినిధి మాటలు నచ్చలేదు, 2016 బడ్జెట్‌లో పార్లమెంటే ఆయన ఆఫీసుకు పోయినేటికంటే తక్కువ ఇచ్చింది. ప్రభుత్వ మెజారిటీ, సభ మెజారిటీ ఒకటే అయినచోట "సభ తేలుస్తుంది" అన్న రక్షణ సగమే పనిచేస్తుంది. మన రాష్ట్రాల్లో సభల తీరు చూసేవాళ్లకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు.

## తగ్గించకూడదన్న హద్దు

జార్జియాలో చట్టం ఏమంటుందంటే, హక్కుల రక్షకుడి ఆఫీసుకు పోయినేడు ఇచ్చినదానికంటే ఈ ఏడు తగ్గించాలంటే ముందు ఆయన ఒప్పుకోవాలి. ఆర్మీనియాలోనూ పోయినేటి మొత్తానికి తగ్గకూడదన్న రూలు పెట్టారు. ఈ దారి గొప్పతనం ఏంటంటే, కక్షసాధింపు కోతని ఇది నేరుగా ఆపుతుంది, కోర్టులో చూపించడానికి ఒక అంకె ఉంటుంది. "తగినన్ని" అన్న మాటకు కోర్టులో వంద అర్థాలు తీయొచ్చు, "పోయినేటికంటే తగ్గకూడదు" అన్నదానికి ఒకే అర్థం.

కానీ మొదలు ఎక్కడ పెడతామన్నదే అసలు సమస్య. ఇవాళ జీతాలకే చాలని అంకె దగ్గర హద్దు గీస్తే, ఆ లేమినే శాశ్వతం చేసినట్టవుతుంది. ధరలు పెరుగుతాయి, డీఏ పెరుగుతుంది, అంకె మాత్రం అక్కడే ఉంటుంది, అయిదేళ్లకి అదే డబ్బుతో పని సగానికి వస్తుంది. అందుకని ముందు ఒకసారి అవసరాల లెక్క సరిగ్గా తీసి పెంచాలి, ఆ పెంచిన అంకె మీద హద్దు పెట్టాలి, దానికి ధరల పెరుగుదల జోడించాలి. ఈ వరుస తప్పితే మేలు కంటే కీడు ఎక్కువ.

## దాతల డబ్బు, ఫీజులు

ఈ రెంటినీ త్వరగా తేల్చేస్తాను. అఫ్గానిస్తాన్ స్వతంత్ర మానవ హక్కుల కమిషన్ 2002 నుంచి ప్రాణాలకు తెగించి పనిచేసింది, నడిచింది మాత్రం ఎక్కువగా విదేశీ దాతల డబ్బుతో. 2022 మేలో తాలిబాన్లు దాన్ని రద్దు చేస్తూ చెప్పిన సాకుల్లో బడ్జెట్ లోటు కూడా ఒకటి. దాతల డబ్బు లేకపోతే ఆ కమిషన్ అసలు పుట్టేదే కాదు, నిజమే. కానీ దేశపు ఖజానాలో వేళ్లు లేని సంస్థని పీకేయడం ఎంత తేలికో కూడా అక్కడే కనిపించింది. ప్రపంచ కూటమి మాట కూడా ఇదే, బయటి డబ్బు అసలు ఖర్చులకు ఆధారం కాకూడదు, ఆ బాధ్యత దేశానిదే. మలేసియా చట్టమైతే సుహకామ్ విదేశీ నిధులు తీసుకోకూడదనే చెబుతుంది. ఒక అధ్యయనానికో, శిక్షణకో, ఒక కంప్యూటర్ వ్యవస్థకో అయితే సరే, జీతాలకు, దర్యాప్తుకు వద్దు.

ఫీజులా? మన కమిషన్లలో ఫిర్యాదు ఉచితం, అలాగే ఉండాలి. ప్లాస్టిక్ కవర్ పట్టుకుని వచ్చిన ఆ తల్లి దగ్గర వంద రూపాయలు తీసుకుని నడిపే కమిషన్ మనకు అక్కర్లేదు.

## మీరెవరో దాన్ని బట్టి

హక్కుల సంఘం తరఫున వినతిపత్రం రాస్తుంటే: ఒకేసారి రాజ్యాంగ సవరణ అడగకండి, ఎవరూ చేయరు. రాష్ట్ర చట్టంతో ఛార్జ్, విడి పద్దు, ఏప్రిల్‌లోనే తొలి విడత విడుదల, ఈ మూడూ అడగండి. మూడోదానికి చట్టం అక్కర్లేదు, ఒక జీవో చాలు, అందుకని ముందు అదే సాధించండి. వెళ్లేముందు పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అయిదేళ్లవి నాలుగు అంకెలు తెప్పించుకోండి: బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, నిజంగా విడుదలైనది, మంజూరైన పోస్టుల్లో ఎన్ని ఖాళీ. అంచనాకీ విడుదలకీ మధ్య ఉన్న తేడాయే మీ చేతిలో అన్నిటికంటే గట్టి కాగితం.

కమిషన్ లోపల ఉంటే: మీకు చట్టం మార్చే చోటు లేదు, కానీ వార్షిక నివేదిక మీ చేతిలో ఉంది. 28వ సెక్షన్ ప్రకారం అది సభ ముందుకు వెళ్లాలి. అందులో డబ్బు చాలలేదు అని ఒక వాక్యం రాసి వదిలేయకండి. డబ్బు లేక ఏ కేసులో ఏ పని ఆగిందో రాయండి. ఎన్ని కస్టడీ మరణాల్లో సొంత దర్యాప్తు జరిగింది, ఎన్నిటిలో పోలీసు నివేదిక మీదే ఆధారపడ్డాం అన్న రెండు అంకెలు చాలు. అడిగిన మొత్తం, ఇచ్చిన మొత్తం పక్కపక్కన వేయండి. అంచనాలు శాఖలకు చేరేది అక్టోబర్, నవంబర్ ప్రాంతంలో, జనవరిలో మేల్కొంటే లాభం లేదు.

శాసనసభ్యులైతే, లేదా వాళ్లకు బిల్లు రాసిపెట్టేవాళ్లైతే: ఛార్జ్ నిబంధన పక్కనే ఇంకో రెండు రాయండి. ఒకటి, కమిషన్ పంపిన అంచనాని ఆర్థిక శాఖ తగ్గిస్తే, అసలు అంచనానీ తగ్గించిన కారణాన్నీ రెంటినీ సభ ముందు పెట్టాలి. రెండు, ఛైర్మన్‌కు కమిటీ ముందు మాట్లాడే హక్కు. 2012లో వచ్చిన బెల్‌గ్రేడ్ సూత్రాలు పార్లమెంట్లకూ హక్కుల సంస్థలకూ మధ్య ఇలాంటి సంబంధమే ఉండాలంటాయి, కాబట్టి ఇది కొత్తగా కనిపెట్టిన కోరిక అని ఎవరూ అనలేరు. దక్షిణ కొరియాలో 2009లో అక్కడి కమిషన్ సిబ్బందిని ప్రభుత్వం అయిదో వంతుకు పైగా తగ్గించేసింది. డబ్బుకి కంచె వేసి పోస్టులని బయట వదిలేస్తే జరిగేది అదే, అందుకని పోస్టుల మంజూరుని కూడా అదే నిబంధనలో కలపండి.

చాలాకాలం ఖాళీగా ఉండి ఇప్పుడే మళ్లీ మొదలైన కమిషన్ గురించి ఆలోచిస్తుంటే: ఇది మన రెండు రాష్ట్రాలకూ తగిలే మాట. తెలంగాణకు సొంత కమిషన్ 2019 డిసెంబర్‌లో వచ్చింది, 2022 డిసెంబర్‌లో పదవీకాలం ముగిశాక 2025 ఏప్రిల్‌లో కొత్త ఛైర్మన్ వచ్చేదాకా ఆ కుర్చీ ఖాళీ. ఖాళీలని మూడు నెలల్లో నింపాలని సుప్రీంకోర్టు డీకే బసు కేసులో చెప్పింది 2015లోనే. కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు ఏ నిధుల పద్ధతీ పనిచేయదు, ఎందుకంటే అంచనా మీద సంతకం పెట్టి, దానికోసం పోట్లాడే మనిషే ఉండరు. జీతాల ఖర్చు నడుస్తుంది, ఉత్తర్వు ఒక్కటీ రాదు, ఆపై ఏడాది అంకె ఆ జీతాల దగ్గరే ఆగిపోతుంది. ఇలాంటి చోట తగ్గించకూడదన్న హద్దుని మొదట అడగడం తప్పు. ముందు అవసరాల లెక్క, తర్వాత పెంపు, ఆ తర్వాతే హద్దు.

ఆంధ్రప్రదేశ్ వాళ్లు ఆ అవసరాల లెక్కలో దూరాన్ని మర్చిపోకూడదు. 2021లో కమిషన్ ఆఫీసు హైదరాబాద్ నుంచి కర్నూలుకు మారినప్పుడు ఇచ్ఛాపురం వైపు మనిషి విచారణకు రావాలంటే రాష్ట్రం ఆ కొస నుంచి ఈ కొసకి ప్రయాణం చేయాల్సి వచ్చేది. రైలు టికెట్టు, రెండు రోజుల కూలి, రాత్రి ఉండే చోటు అన్నీ ఫిర్యాదుదారు మీదే. ఆఫీసు ఎక్కడున్నా విశాఖలోనో శ్రీకాకుళంలోనో, తిరుపతిలోనో నెలకోసారి క్యాంపు సిట్టింగు పెట్టాలంటే దానికి ప్రయాణ ఖర్చు, హాలు, స్టెనో, నోటీసుల ఖర్చు అని విడిగా ఒక లైను ఉండాలి. ఆ లైను లేని బడ్జెట్‌లో మొత్తం అంకె ఎంత పెద్దదైనా ఇచ్ఛాపురం మనిషికి కమిషన్ లేనట్టే.

ఆ ఎమ్మెల్యే గారి దగ్గరికి మళ్లీ వెళ్తున్నాం. ఈసారి కాగితం ఒకటిన్నర పేజీ. మొదటి అర పేజీలో అయిదేళ్ల అంచనా, విడుదల అంకెలు. రెండో పేరాలో లోక్‌పాల్ చట్టం నిబంధన, దాని కింద 202వ అధికరణం. మిగిలిన చోటంతా బిల్లు ముసాయిదా, అందులో ఛార్జ్, పోస్టులు, సభ ముందు అసలు అంచనా, ఏప్రిల్ పదో తేదీలోపు తొలి విడత.